పొగ లేని ఊరు

చెప్పగానే వినే ఊరైతే దానికి వాలంటీర్లెందుకు? ఈ ముక్క నిజామాబాద్ శిక్షణలో సంజన మేడం మొదటి రోజే చెప్పి ఉంటే ఎంత బాగుండేది! ఆమె చెప్పలేదు. “ఓపికగా చెప్పండి, ప్రేమగా చెప్పండి, జనం మారతరు” అంది. ఫంక్షన్ హాల్లో కూలర్లు చల్లగా కొడుతుంటే, ఉప్మాలో జీడిపప్పు పంటికి తగులుతుంటే, జనం మారతారనే అనిపిస్తుంది ఎవరికైనా.

నిరోషకూ అలాగే అనిపించింది. ఆమె జాడిగావ్ కోడలు. ఆ ఊరు బోధన్ అవతల, మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గర్లో ఉంటుంది. డిగ్రీ పాసై పెళ్లి చేసుకుని వచ్చింది గానీ, ఆ డిగ్రీ సంగతి ఊళ్లో అడిగినవాళ్లు లేరు. పొద్దున లేస్తే పేడ, మాపటికి అంట్లు. భర్త శ్రావణ్ వడ్ల లారీ డ్రైవరు, ఇంటి పట్టున ఉండేది తక్కువ. ఇంట్లో మామ లింబయ్య మాటే మాట. అలాంటి పిల్ల మెడలో ఫొటో ఉన్న కార్డు వేసి, నెత్తిన ఆకుపచ్చ టోపీ పెట్టి, “మీ ఊరి వాతావరణ మిత్ర మీరే” అంటే ఏమవుతుంది? కాళ్లు నేల మీద నిలవవు.

ఊరికి ఇద్దరు చొప్పున పిలిచారు. జాడిగావ్ నుంచి రెండో మనిషి తిరుపతమ్మ. నలభై దాటిన మనిషి, ముక్కుసూటిగా మాట్లాడుతుంది. మొగుడు కొమురయ్యతో కలిసి రెండెకరాల మడి కౌలుకు చేసుకుంటుంది. ఆ మడి అసలు యజమాని నిజామాబాద్‌లో ఉంటాడు. లింబయ్య పొలానికీ తిరుపతమ్మ మడికీ మధ్య ఒక్క గట్టే అడ్డు. నిరోష కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నాటు వేయడం చేయి పట్టి నేర్పింది తిరుపతమ్మే. అప్పటినుంచీ “అక్కా” అంటే “చెల్లె” అన్నట్టుగా ఉండేవాళ్లు.

శిక్షణ చాలా విషయాల మీద జరిగింది. ఏప్రిల్‌లో వడగండ్లు ఎందుకు పడుతున్నాయి, మే ఎండలు మనుషుల్ని ఎందుకు తినేస్తున్నాయి, బోర్లు ఎందుకు ఎండుతున్నాయి, అన్నీ బొమ్మలేసి చూపించారు. చివరికి అన్నీ వచ్చి ఒక్క పని మీద నిలిచాయి. ఎండాకాలం పంట, అంటే యాసంగి వరి కోశాక పొలంలో మిగిలే కొయ్యకాళ్లకు నిప్పు పెట్టడం మానిపించాలి. ఒకప్పుడు జాడిగావ్ చుట్టూ అంతా చెరుకే. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక అందరూ వరికి మళ్లారు. కోత మిషన్ కోసి పారేసిన గడ్డిని ఏరే ఓపిక లేక అగ్గిపుల్ల గీసే అలవాటు కూడా వరితో పాటే వచ్చింది. మే నెలలో ఊరంతా పొగే. పొద్దు గూకేసరికి కళ్లు మండేవి.

ఆఖరి రోజు నాటకం ఆడించారు. తిరుపతమ్మ మొండి రైతు, నిరోష వాలంటీరు. నిరోష నేర్చుకున్నదంతా గడగడా అప్పజెప్పింది. తిరుపతమ్మ నడుం మీద చేయి వేసుకుని అంతా విని, “నువ్వు జెప్పేదంత మంచిగనే ఉన్నది బిడ్డా. మరి కొయ్యలు కలియదున్నాలంటె ట్రాక్టరు నువ్వు తోల్కొస్తవా, మీ మేడం తోల్కొస్తదా?” అంది. హాలంతా ఘొల్లుమంది. సంజన మేడం కూడా చప్పట్లు కొట్టి, “చూసిండ్రా, రైతు ఇట్లనే అడుగుతడు, దీనికి మన దగ్గర జవాబుండాలె” అని తిరుపతమ్మ భుజం తట్టింది. నిరోష నవ్వినట్టే నవ్వింది గానీ లోపల చురుక్కుమంది.

బయల్దేరే ముందు మేడం ఇంకో మాట చెప్పింది. ఈ యాసంగికి ఏ ఊళ్లో పొగ లేవదో ఆ ఊరి వాలంటీరును జిల్లా ట్రైనరుగా తీసుకుంటారట. ఊరూరూ తిరిగి కొత్తవాళ్లకు శిక్షణ ఇవ్వాలట. నిజామాబాద్ బస్టాండులో బోధన్ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నప్పటినుంచి నిరోష తలలో అదే తిరిగింది. మైకు పట్టుకున్న తను, ఎదురుగా కుర్చీల్లో జనం. తిరుపతమ్మ పక్కన కూర్చుని టోపీ తీసి విసనకర్రలాగా ఊపుకుంటూ కునికిపాట్లు పడింది.

ఊళ్లో పని మొదలుపెట్టారు. తిరుపతమ్మ తీరు తిరుపతమ్మది. మాపటేళ ఒక ఇంటి అరుగు మీద కూర్చునేది. వాళ్ల పిల్లల సంగతి, బర్రె సంగతి అడిగేది. చివర్లో, లేచి వచ్చే ముందు, “ఈసారి అగ్గి వెట్టకుండ్రి, కొయ్యల మీద సూపర్ ఫాస్ఫేట్ చల్లి నీళ్లు కడితె అవే మురుగుతయి, నేను గూడ గట్లనే చేస్తున్న” అని ఒక్క మాట వేసి వచ్చేది. వాళ్లు ఊ అనేవాళ్లు కాదు, ఉహూ అనేవాళ్లు కాదు. మళ్లీ నాలుగు రోజులకు వెళ్లేది. అలా ఒక్కో ఇల్లూ కాస్త మెత్తబడుతోంది. నిరోషకు అంత తీరిక ఎక్కడిది? కోతలు దగ్గరపడ్డాయి. తను టోపీ పెట్టుకుని వీధిలోకి వస్తే మొగవాళ్లు, “వచ్చిందమ్మా పొగ మేడం” అని నవ్వుతున్నారు. బీడీ వెలిగించుకుంటూ, “దీనికి గూడ నీ పర్మిషన్ గావాల్నా?” అని అడిగాడొకడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

అప్పుడు తట్టింది వీడీసీ సంగతి. గ్రామాభివృద్ధి కమిటీ అని పేరు, వీడీసీ అంటేనే ఊళ్లో అందరికీ తెలుస్తుంది. కులానికొక పెద్దమనిషి చొప్పున కూర్చుని ఊరికి కట్టుబాట్లు చేస్తారు. సర్పంచ్ మాట వినకపోయినా నడుస్తుంది, వీడీసీ మాట వినకపోతే నడవదు. దాని చైర్మన్ రాజలింగు. లింబయ్యకు వరసకు తమ్ముడు, నిరోషకు చిన్నమామ.

“వద్దు చెల్లె” అంది తిరుపతమ్మ, సంగతి వినగానే. “వాళ్ల చేతికియ్యకు. వాళ్లకు నచ్చజెప్పుడు రాదు. వెలివెట్టుడే వస్తది.”

“నచ్చజెప్పి నచ్చజెప్పి ఎన్నేండ్లు తిరుగుదామక్కా? నీకేం, నువ్వు బేఫికర్‌గ కూసుంటవు. రేపు పొగ లేస్తె మేడం ముంగట నా మొఖం ఏడ వెట్టుకోవాలె?”

“మొఖానికేమయితది. వచ్చే ఏడు సూద్దాం. మా కులపోళ్లయి ఊర్ల రెండే గడపలు, కమిటీల మా మనిషే లేడు. అండ్లకెల్లి ఏ తీర్పొచ్చినా మా అసుంటోళ్ల మీదనే వడ్తది.”

నిరోష వినలేదు. వింటే ఈ కథే లేదు. ఆ సాయంత్రమే రాజలింగు ఇంటికి పోయి సంగతి విప్పింది. ఆయన మహా సంబరపడ్డాడు. కొత్త కట్టుబాటు చేయడమంటే ఆయనకు పండగ. “గిట్ల ముందే చెప్పొద్దా కోడలా! నువ్వు ఊరి ఇజ్జత్ పెంచేటట్టున్నవు” అన్నాడు. మర్నాడు పొద్దున్నే మైకులో చాటించారు. కొయ్యకాళ్లకు నిప్పు పెట్టిన ఇంటితో ఊరికి మాట బందు. ఏడాది పాటు ఆ ఇంటివాళ్లతో ఎవరూ మాట్లాడకూడదు, పనికి పిలవకూడదు, దుకాణంలో సరుకు ఇవ్వకూడదు. మాట్లాడినవాళ్లకూ అదే శిక్ష.

చూడాలి ఆ మహిమ! ఇన్నాళ్లూ ప్రేమగా చెప్తే బీడీ పొగ మొహాన ఊదిన ఊరు, మైకు మోగేసరికి అగ్గిపెట్టెలు దాచుకుంది. కోత మిషన్లు వచ్చాయి, పోయాయి. చుట్టుపక్కల ఊళ్లల్లో నల్లగా పొగలు లేస్తుంటే జాడిగావ్ మీద ఆకాశం తెల్లగా ఉంది. సంజన మేడం స్వయంగా కారేసుకుని వచ్చింది. గట్ల మీద నిలబడి ఫొటోలు దిగింది. “నిరోషా, యూ ఆర్ గ్రేట్” అంది. ఊరికి శిక్షణ ఇచ్చిన సంస్థ తరఫున ట్రాక్టరూ రోటవేటరూ పంపించింది. వంతుల వారీగా అందరి పొలాల్లో కొయ్యలు కలియదున్నమంది. వంతులు వేసే పని వీడీసీకే అప్పజెప్పారు, వేరే ఎవరున్నారు గనక? ముందు చైర్మన్ పొలం, తర్వాత చైర్మన్ చుట్టాలవి, తర్వాత తతిమ్మా వాళ్లవి. తిరుపతమ్మ వంతు అందరికంటే ఆఖరు. ఆమె గట్టు మీద కూర్చుని, గడ్డి ఎండిపోతున్న మడిని చూసుకుంటూ ఎదురుచూసింది.

అక్కడే వచ్చింది తంటా. రోటవేటరు బ్లేడ్లకు ఎండుగడ్డి చుట్టుకుని ఊరికే ఆగిపోతోంది. ఆగినప్పుడల్లా దిగి కత్తితో కోసి లాగాలి. మర్నాడు పొద్దున తన వంతు అనగా లింబయ్య పొలం చూసుకోవడానికి పోయాడు. గడ్డి మోకాలెత్తు ఉంది. వంతు నడుమ మిషన్ ఆగితే పొద్దంతా పోతుందనుకున్నాడు. ఒక మూల కాస్త కాలిస్తే పోలేదా, ఎవరు చూస్తారు, మిట్టమధ్యాహ్నం ఎండలో పొలాల మీదికి ఎవరొస్తారు? గీశాడు. మే నెల గాలికి ఆ మూలా ఈ మూలా తెలుస్తుందా? ఎకరం కాల్చుకుని, గట్టు మీది ఎండుగడ్డి పట్టుకుని, మంట తిరుపతమ్మ మడిలోకి దూకింది. లింబయ్య కండువాతో కొట్టి కొట్టి, ఇక లాభం లేదని ఇంటిదారి పట్టాడు.

నిరోష ఆ పూట మహిళా సంఘం పని మీద బోధన్‌లో ఉంది. ఇంటికొచ్చేసరికి మామ నడిమధ్యాహ్నం స్నానం చేసి కూర్చున్నాడు. అంగీ బకెట్లో నానుతోంది. ఎత్తి చూస్తే చేతుల దగ్గర కాలిన బొక్కలు. ఇల్లంతా పొగ వాసన.

“మామా, అగ్గి నువ్వు వెట్టినవా?”

“నోరు మూసుకో” అన్నాడు లింబయ్య. గొంతు తగ్గించి, “బయట ఒక్క మాట వొయిందో, ముందు మాట బందయ్యేది మనింటికే. ఆ కట్టుబాటు తెచ్చింది నువ్వే, యాది పెట్టుకో. నీ కొలువు, నీ మొగని ఇజ్జత్, అన్ని పోతయి” అన్నాడు.

ఆ మాపు పొలాల వైపు ఎవరూ పోలేదు. తెల్లారగానే ఆయన వంతు ట్రాక్టరు వచ్చింది. పొలానికి నీళ్లు పెట్టించి, రోటవేటరుతో అటూ ఇటూ తిప్పి తిప్పి దున్నించాడు. కాలిన ఎకరం కాస్తా బురదలో కలిసిపోయింది. పొద్దెక్కేసరికి లింబయ్య పొలం తళతళలాడే బురద. పక్కన తిరుపతమ్మ మడి బొగ్గు. ఊరు ఊరంతా గట్ల మీదికి వచ్చి చూసింది. నల్లగా ఉన్నది ఎవరిదో వాళ్లే కాల్చారు, ఇందులో తెలియనిదేముంది?

వీడీసీ హాల్లో పంచాయితీ పెట్టారు. మొగవాళ్లు చాపల మీద, ఆడవాళ్లు గుమ్మం బయట. తిరుపతమ్మ మధ్యలో నిలబడింది. కొమురయ్య ఆమె వెనక తలొంచుకుని నిలుచున్నాడు.

“నేను పెట్టలే” అంది తిరుపతమ్మ. “ఇన్ని దినాలు వంతు కోసం ఎదురుసూసినదాన్ని నేనెందుకు పెడ్త? ఇల్లిల్లు తిరిగి వెట్టకుండ్రని చెప్పినదాన్ని నేను. అగ్గి లింబయ్య బాపు పొలంకెల్లి వచ్చింది. గెట్టు మీద గడ్డి సూడుండ్రి, అటుకెల్లి ఇటు కాలుకుంటొచ్చింది.”

లింబయ్య తాపీగా లేచాడు. “నా పొలం సూడుండ్రి. ఏడున్నది బూడిద?” అన్నాడు. అందరూ తలలూపారు. ఎక్కడుంటుంది బూడిద, మోకాలి లోతు బురదలో!

తిరుపతమ్మ గుమ్మం వైపు తిరిగింది. “చెల్లె, నువ్వు జెప్పు. మీ ఇంట్ల నీకు ఎర్కలేకుండ ఉంటదా? ఒక్క మాట చెప్పు.”

ఊరంతా నిరోష వైపు చూస్తోంది. రాజలింగు చూస్తున్నాడు, మామ చూస్తున్నాడు. కాలిన అంగీ కళ్ల ముందు కదిలింది. వెంటనే జిల్లా ట్రైనరు కుర్చీ కూడా కదిలింది. ఏం దాపరికం, అది కూడా కదిలింది.

“నేను బోధన్‌ల ఉన్న అక్కా” అంది. “నేను చూడలే.”

ఆ మాటలో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అంతకంటే పాపిష్టి మాట ఆ హాల్లో ఇంకొకటి పడలేదు. తిరుపతమ్మ కాసేపు అలాగే చూసింది. రాజలింగు గొంతు సవరించుకుని తీర్పు చెప్పాడు. మాట బందు.

మాట బందంటే ఏమిటో పడ్డవాళ్లకే తెలుస్తుంది. కొట్టరు, తిట్టరు, ఇంటి మీదికి రారు. తిరుపతమ్మ దుకాణానికి పోతే దుకాణదారు పక్కకు తిరిగి త్రాసు తుడుచుకుంటాడు. ఉప్పు కోసం, చక్కెర కోసం బస్సెక్కి బోధన్ పోవాలి. పిండి గిర్నీలో ఆమె డబ్బా వరసలోంచి జరిపేస్తారు. కొమురయ్యను కూలికి పిలిచే దిక్కు లేదు. రోటవేటరు వంతు ఎలాగూ పోయింది. సంఘంలో అప్పటిదాకా వొదినా, పెద్దమ్మా అని పిలిచిన ఆడవాళ్లు ఆమె వస్తే చాప మడిచి లేచిపోయేవాళ్లు. నిరోష మాత్రం ఆమెకు ఎదురుపడే అవసరం లేకుండా చెరువు దారి మానేసి బడి దారిన తిరగడం నేర్చుకుంది.

ఇంతలో నిజామాబాద్‌లోని మడి యజమానికి కబురందింది. ఊరు వెలివేసిన మనిషికి కౌలు ఇచ్చి లేనిపోని పంచాయితీ నెత్తినేసుకోనని ఆయన చెప్పి పంపాడు. వానలు పడేలోపు ఊరితో తేల్చుకోకపోతే మడి వేరేవాళ్లకట. అటు సంజన మేడం ఫోన్ చేసింది. పొగ లేని ఊరని పైకి రాసి పంపిందట, శాటిలైట్ పటంలో మంట గుర్తుగా ఒక చుక్క ఎర్రగా కనిపిస్తోందట, దాని కథేమిటని.

“ఒక్క రైతు తప్పు చేసింది మేడం” అంది. “ఊరే సరిజేసుకుంటున్నది.”

“అవునా! అయితే ఆమె రియలైజ్ అయిందా? అది ఇంకా మంచి కథ నిరోషా. మేం వచ్చి వీడియో తీసుకుంటం” అంది మేడం.

నిరోష రాజలింగు దగ్గరికి పోయి కాళ్లావేళ్లా పడింది. తిరుపతమ్మ తప్పయిందని హాల్లో నలుగురి ముందు ఒప్పుకుంటే మాట బందు ఎత్తేస్తానని ఆయన ఒప్పుకున్నాడు. తిరుపతమ్మతో ఆ సంగతి మాట్లాడటానికి నిరోషకు పర్మిషన్ కూడా ఇచ్చాడు. అవును, సొంత అక్కలాంటి మనిషితో నోరు తెరవడానికి పర్మిషన్!

తిరుపతమ్మ పెరట్లో పొయ్యి ముందు కూర్చుని ఉంది. నిరోషను చూసి లేవలేదు. శిక్షణలో చెప్పినట్టే నిరోష ముందు ఆమె కష్టం విన్నట్టు కూర్చుంది. ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది.

“చెయ్యని తప్పుకు తప్పయిందని అనాల్నా?” అంది తిరుపతమ్మ.

“ఒక్క మాట అక్కా. అంటే ఖతం అయితది.”

“ఒక్క మాట నేను నిన్నడిగిన. నువ్వన్నవా?”

నిరోష ఏడ్చింది. దొంగ ఏడుపేం కాదు, నిజంగానే ఏడ్చింది. “మామను నేనెట్ల పట్టిస్త అక్కా? ఇంట్లకెల్లి వెళ్లగొడ్తరు. నా సంసారం ఏమైపోవాలె?”

“నీ సంసారం నిలవెట్టుకున్నవు, మంచిదే” అంది తిరుపతమ్మ, పొయ్యిలోకి పుల్ల తోస్తూ. “నేను తప్పయిందంటె మడి నాకు ఉంటదా? అది చెప్పు. నా ఇజ్జత్ అట్ల పోనీ. మడి ఉంటదా?”

“ఉంటది. నాది జిమ్మేదారి.”

“నీది జిమ్మేదారి” అంది తిరుపతమ్మ మెల్లగా. “అట్లయితె అంట.”

ఆ రోజు హాలు శుభ్రం చేయించారు. బ్యానరు కట్టారు. సంజన మేడం మనుషులు కెమెరా బిగించి, తిరుపతమ్మ మొహాన వెలుతురు పడేలా కిటికీ దగ్గర నిలబెట్టారు. మొదటిసారి ఆమె మాట సరిగ్గా వినిపించలేదని మళ్లీ చెప్పమన్నారు. “నేను నా మడికి అగ్గి వెట్టిన. అందరి గాలి ఖరాబు చేసిన. తప్పయింది, మాఫ్ చెయ్యుండ్రి” అని ఆమె మళ్లీ చెప్పింది. కొమురయ్య బయటికి పోయి గోడకు మొహం పెట్టుకున్నాడు. లింబయ్య ముందు వరసలో కూర్చుని అందరితో పాటు చప్పట్లు కొట్టాడు. నిరోష కూడా కొట్టింది. కొట్టకపోతే కెమెరాలో పడుతుంది కదా.

మాట బందు ఎత్తేశారు. దుకాణంలో ఉప్పు దొరికింది, గిర్నీలో డబ్బా వరసలో నిలిచింది. మడి మాత్రం పోయింది. యజమాని వీడియో చూశాడు. కాల్చానని ఆమే చెప్పుకున్నాక ఇక నేనేం అనాలి అన్నాడు. నిరోష నిజామాబాద్ పోయి, ఆయన ఇంటి గేటు దగ్గర నిలబడి బతిమాలింది. ఆయన మంచినీళ్లిచ్చి పంపించాడు. నాలుగు రోజులకు తెలిసింది, ఆ మడి కౌలుకు తీసుకున్నది లింబయ్య అని. పక్క పొలమే కదా, కలిసొస్తుంది.

ఆ పూట నిరోష జీవితంలో మొదటిసారి మామ మీద నోరు చేసుకుంది. “సిగ్గనిపిస్తలేదా మామా? అగ్గి వెట్టింది నువ్వు, మడి గుంజుకున్నది నువ్వు!”

లింబయ్య అన్నం కలుపుతున్నవాడల్లా తలెత్తి చూశాడు. ఆ కళ్లలో తప్పు చేసిన బెరుకే లేదు. “నేను కాకుంటె ఇంకోడు చేస్తడు” అన్నాడు. “కాల్చినోళ్లకు మల్ల మడి ఎవడిస్తడు? ఆమె నోటితోనే ఒప్పుకున్నది గదా.” నిజంగానే నమ్మి అంటున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకుని, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పాడు.

తిరుపతమ్మా కొమురయ్యా సామాను ఆటోలో వేసుకుని బోధన్ వెళ్లిపోయారు. అక్కడేదో రైస్‌మిల్లులో పనికి కుదిరారని చెప్పుకున్నారు. ఆటో లింబయ్య ఇంటి ముందునుంచే పోయింది. నిరోష వాకిట్లో నిలబడి, “అక్కా” అని పిలిచింది. ఊరు మాట బందు ఎత్తేసింది. తిరుపతమ్మ ఎత్తలేదు. తల తిప్పకుండా వెళ్లిపోయింది.

నిరోష జిల్లా ట్రైనరు అయింది. మెడలో కార్డు రంగు మారింది. కమ్మర్‌పల్లి నుంచి, సిరికొండ నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కొత్త వాలంటీర్లకు అదే ఫంక్షన్ హాల్లో మైకు పట్టుకుని చెప్తోంది. బాగానే చెప్తుంది, కాదనలేం. ప్రతి శిక్షణలోనూ మధ్యాహ్నం భోజనాల తర్వాత ఆ వీడియో వేయాలి. అది సంజన మేడం పెట్టిన నియమం. ఊరే తన తప్పు తాను దిద్దుకున్న తీరు అని దానికి పేరు పెట్టారు. తెర మీద కిటికీ వెలుతుర్లో తిరుపతమ్మ కనబడగానే నిరోష తెర వైపు కాకుండా తలుపు వైపు చూస్తూ నిలబడుతుంది.

ఒక రోజు సిరికొండ నుంచి వచ్చిన ఒక ఆడమనిషి చేయెత్తింది. హన్మవ్వ అని పేరు చెప్పుకుంది. ముతక చీర, నెత్తిన కొత్త టోపీ.

“మేడం, నాకొక్క అనుమానం. గామె మొఖం సూస్తె కాల్చిన మనిషి తీరుగ లేదు. ఎవరో గామెతోని అనిపిస్తున్నట్టున్నది. నిజంగ గామెనే కాల్చిందా?”

హాల్లో నవ్వారు కొందరు. సంజన మేడం వెనక వరసలో కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. నిరోష మైకు పట్టుకుని నిలబడింది. ఇక్కడ జాడిగావ్ మనిషి ఒక్కరూ లేరు. మామ లేడు, రాజలింగు లేడు, వెలివేసేవాళ్లు లేరు. అడిగింది పరాయి ఊరి మనిషి, సాయంత్రం బస్సెక్కితే మళ్లీ కనబడదు. ఈ ఒక్కచోట నిజం చెప్పినా ఎవరికీ ఏ నష్టమూ లేదు, తన ట్రైనరు పని తప్ప. నోటిదాకా వచ్చింది కూడా. అంతలో సంజన మేడం ఫోన్ మీదినుంచి తలెత్తి, ఏంటన్నట్టు కనుబొమ్మలెగరేసింది.

“ఆమెనే కాల్చిందమ్మా” అంది నిరోష మైకులో. “నేను ఆడనే ఉన్న. నా కండ్లతోని చూసిన.”

హన్మవ్వ టోపీ సర్దుకుంది. “మీరు సూసిండ్రంటె ఇగ అనుమానమేమున్నది మేడం” అని కూర్చుంది.